సిటీకి దూరంగా ఉండి డేటింగ్ యాప్‌లు వాడేవాళ్లు ఉన్నారా? నాకు అవే నాలుగు మొహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి

ఒంటరి_టవర్
ఉద్యోగం వల్ల చిన్న ఊళ్లో ఉంటున్నా. వయసు ముప్పై దాటింది. యాప్ వేసుకున్న కొత్తలో బాగానే ఉంది. తర్వాత "మీ దగ్గర్లో కొత్తవాళ్లు ఎవరూ లేరు" అని ఖాళీ స్క్రీన్. మధ్యలో నా ఫోటో, దాని చుట్టూ గుండ్రంగా అలలు. నా మొహాన్ని నాకే చూపించి వెక్కిరిస్తున్నట్టుంది. డబ్బు కడితే ఎక్కువమంది కనిపిస్తారని కట్టా. అవే మొహాలు, ఈసారి ప్రకటనలు లేకుండా. రేడియస్ పెంచితే సిటీవాళ్లు వస్తారు. మ్యాచ్ అవుతుంది, కాస్త మాట్లాడతారు, "ఎక్కడుంటారు" అని అడుగుతారు. చెప్పాక ఇంక జవాబులు "ఓహో", "నైస్" దగ్గర ఆగిపోతాయి. లోపం నా ప్రొఫైల్‌లో ఉందా, ఊళ్లో ఉందా? సిటీ బయట ఉండి దీనివల్ల ఏదైనా తేలినవాళ్లుంటే చెప్పండి. "సిటీకి మారిపో" మాత్రం అనకండి, ఆ సంగతి నాకూ తెలుసు.

మాటకారి
సిటీకి మారిపో.

గడుసుపిల్ల
పైన ఉన్న మహానుభావుడు చివరి లైన్ దాకా చదివే రకం కాదు. యాప్‌లో బయోలు కూడా ఇలాగే చదువుతాడు కాబోలు.

కోడ్_కాపరి
@ఒంటరి_టవర్ లోపం నీదీ కాదు, ఊరిదీ కాదు. లెక్కే అంత. నీ చుట్టూ ఉన్న జనంలో ముందు ఒంటరిగా ఉన్నవాళ్లు, అందులో నీకు కావాల్సిన వయసువాళ్లు, అందులో యాప్ వాడేవాళ్లు, అందులో ఈమధ్య ఒక్కసారైనా దాన్ని తెరిచినవాళ్లు, అందులో నువ్వు నచ్చేవాళ్లు. మెట్టుమెట్టుకీ చాలామంది రాలిపోతారు, చివరికి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టేంతే. సిటీలోనూ ఇదే వడపోత, కాకపోతే అక్కడ మొదలయ్యేదే లక్షల్లో. డబ్బు కడితే నీకొచ్చేది ఎక్కువ లైకులు కొట్టే వీలు, క్యూలో కాస్త ముందు చోటు. కొత్త మనుషుల్నైతే పుట్టించదు. చెరువు ఎండిపోయాక పెద్ద వల కొన్నట్టు.

ఇంకోటి, ఈ యాప్‌ల తెలివితేటలన్నీ జనం దండిగా ఉన్నచోట పనికొచ్చేవి. హింజ్ అనే డేటింగ్ యాప్‌లో "మీకు బాగా కుదిరేవాళ్లు" అని ఒకరిని చూపిస్తుందే, అది 2018లో పెట్టారు. దానికి ఆధారం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు రాసిన జతల లెక్క. షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, గేల్ అప్పటికే పోయాడు. ఆ లెక్క ఇచ్చే హామీ ఒక్కటే: జతలు కట్టాక, తమ జతల్ని వదిలేసి ఒకరితో ఒకరు వెళ్లిపోదాం అనుకునే ఇద్దరు మిగలరు. జాబితాలో పదిమందే ఉంటే ఆ పదిమందికే కడుతుంది. కట్టినవాళ్లు నీకు నచ్చి తీరతారని ఎక్కడా అనలేదు.

నిదానం_నాని
అంటే నోబెల్ ఆయన కూడా చేతులెత్తేశాడన్నమాట.

గడుసుపిల్ల
@కోడ్_కాపరి పాఠం బాగుంది సార్. ఇప్పుడు పాపం అతనేం చెయ్యాలి?

కోడ్_కాపరి
రేడియస్ పెంచాలి. రేడియస్ రెండింతలు చేస్తే విస్తీర్ణం నాలుగింతలు. 20 కిలోమీటర్లని 40 చేస్తే చాలు. టిండర్‌లో 160 దాకా పోతుంది. సెట్టింగ్స్‌లో "నా పరిధిలో అయిపోతే ఇంకాస్త దూరంవాళ్లనీ చూపించు" అని ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో.

నిదానం_నాని
విస్తీర్ణం నాలుగింతలైతే మనుషులు నాలుగింతలవుతారా బ్రో? మా చుట్టూ సగం అడవే. ఎలుగుబంట్లు స్వైప్ చెయ్యవు.

ఆ కిలోమీటర్లు కూడా నమ్మకు. యాప్ గీసేది గాల్లో గీత. నాకొకసారి 9 కిలోమీటర్ల దూరంలో ఒకమ్మాయి మ్యాచ్ అయింది. మా ఇద్దరి మధ్యా నది. వంతెన ఎక్కడో ఎగువన ఉంది, చుట్టూ తిరిగి వెళ్లాలంటే 60 పైమాటే. ఈ గొడవంతా చెబుతుంటే "తొమ్మిది కిలోమీటర్లకి ఇన్ని సాకులా" అని అన్‌మ్యాచ్ కొట్టింది. ఆమె కిటికీలోంచి చూస్తే మా గట్టు కనబడుతుంది కూడా.

మాటకారి
ఈత నేర్చుకో.

సైలెంట్_రీడర్
నాలుగేళ్లుగా ఈ వేదిక చదువుతున్నా, ఇప్పటికి నోరు విప్పుతున్నా. మా ఊరు హైవే పక్కనే. సెలవులొస్తే మా దగ్గర ఉన్నట్టుండి కొత్త మొహాలు బోలెడు. కారులోనో బస్సులోనో వెళ్తూ తోచక యాప్ తెరిచినవాళ్లు వీళ్లంతా. టిండర్ లాంటివి యాప్ తెరిచినప్పుడే లొకేషన్ తీసుకుంటాయి. మళ్లీ తెరిచేదాకా వాళ్లు నా పక్కనే ఉన్నట్టు చూపిస్తుంది. ఆ సంబరంలో లైకులు కొట్టేస్తాం. మ్యాచ్ అయ్యేసరికి వాళ్లు మూడు జిల్లాలు దాటేసి ఉంటారు. సెలవుల్లో వచ్చిన లైకులు నేనసలు లెక్కలోకి తీసుకోను.

ఒంటరి_టవర్
అదా సంగతి! పండగప్పుడు గుంపుగా వచ్చి మాయమైపోయారు. నా ఫోటో మార్చినందుకు అనుకున్నా.

వెన్నెల_27
అబ్బాయిలందరూ మొహాలు తక్కువొస్తున్నాయని ఏడుస్తున్నారు. నా బాధ అది కాదు. నా మొహం ఎంతమందికి వెళ్తోందన్నదే నా బాధ.

నేను టీచర్ని. యాప్ పెట్టుకున్న వారంలోనే మా క్లాసు పిల్లాడి తండ్రి లైక్ కొట్టాడు. పెళ్లైనవాడు, ప్రొఫైల్లో కూతుర్ని కత్తిరించేసిన ఫోటో. కత్తిరించినా ఆ పాప చెయ్యి భుజం మీద మిగిలిపోయింది. నేను వద్దని స్వైప్ చేసి వదిలేశా. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో ఆయనే నాకు సంసారాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఇంకొకడు నా ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాడట, అది మా స్టాఫ్‌రూమ్ దాకా వచ్చింది. సిటీలో అయితే "ఎవరో ఒకమ్మాయి" అనుకుని పోతారు. ఇక్కడ "ఫలానా టీచర్" అంటారు.

ఒక్కటి చెప్పనా. మా ఊళ్లో యాప్‌లో అమ్మాయిలు తక్కువంటే ఒంటరి అమ్మాయిలు తక్కువని కాదు. నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఇందుకే పెట్టుకోరు.

గడుసుపిల్ల
+1. ఆ చెయ్యి దగ్గర నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

కోడ్_కాపరి
@వెన్నెల_27 నా లెక్కలో నేను వదిలేసిన మెట్టు ఇదే. కాంటాక్ట్స్ బ్లాక్ చేసే వీలుంది కదండీ, టిండర్‌లో 2021 నుంచీ ఉంది.

వెన్నెల_27
ఉంది. నా ఫోన్లో నంబరు ఉన్నవాళ్లకే అది. పిల్లల తండ్రులందరి నంబర్లూ నేనెందుకు పెట్టుకుంటాను? పైగా అవతలి మనిషి ఇంకో నంబరుతో అకౌంట్ తెరిస్తే ఆ అడ్డు కూడా ఉండదు. ఇప్పుడు ఇన్‌కాగ్నిటో వాడుతున్నా. నేను లైక్ కొట్టినవాళ్లకే నా ప్రొఫైల్ కనిపిస్తుంది. దానికి డబ్బు కట్టాలి. పైన అన్నారు కదా డబ్బు కట్టడం దండగని, ఊళ్లో ఉండే ఆడవాళ్లకి ఈ ఒక్కదానికి కట్టొచ్చు.

నీలిగీత
వెన్నెల గారు చెప్పింది నాకింకో పది రెట్లు. నేను గేని, ఇంట్లో తెలియదు. మా యాప్‌లలో దగ్గర్లో ఉన్నవాళ్లంతా గళ్లుగళ్లుగా కనిపిస్తారు, కింద దూరం మీటర్లలో. సిటీలో "300 మీటర్లు" అంటే అందులో వెయ్యి ఇళ్లుంటాయి. ఇక్కడ 300 మీటర్లలో ఉన్న ఇళ్లన్నీ నేను వేళ్ల మీద చెప్పగలను. అవతలివాడూ చెప్పగలడు.

దూరం కనిపిస్తే చాలు, చోటు పట్టేయొచ్చు. మూడు వేర్వేరు చోట్ల నిలబడి దూరం చూసి మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసేచోట మనిషి ఉన్నట్టే. 2014లో కొందరు పరిశోధకులు టిండర్ మీద సరిగ్గా ఇదే చేసి చూపించారు, వంద అడుగుల్లోపు పట్టేశారు. స్క్రీన్ మీద గుండ్రటి అంకె చూపిస్తున్నా లోపల సర్వర్ దశాంశం తర్వాత చాంతాడంత అంకెలు పంపేది. తర్వాత సరిచేశారు. అదే ఏడాది గేలు వాడే గ్రైండర్ యాప్ మీదా ఈ గొడవే వచ్చి, గేలకి ప్రమాదం ఉన్న దేశాల్లో దూరం చూపించడం ఆపేశారు. సెట్టింగ్స్‌లో దూరం దాచే వీలుంటే ముందు అది చెయ్యండి, ఫోటో సంగతి తర్వాత. నేను ఊళ్లో యాప్ తెరవనే తెరవను. సిటీకి వెళ్లినప్పుడే తెరుస్తా, తిరుగు బస్సెక్కే ముందు తీసేస్తా.

నిదానం_నాని
@నీలిగీత జాగ్రత్త బ్రో. ఇదంతా ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్.

పాత_మెంబర్
ఎన్ని యాప్‌లొచ్చినా దగ్గరవాళ్లదే గెలుపు. 1932లో జేమ్స్ బోసార్డ్ అనే ఆయన ఫిలడెల్ఫియాలో 5,000 పెళ్లి లైసెన్సులు తీసుకుని వధూవరుల అడ్రసులు చూశాడు. మూడో వంతు పైగా జంటలు అయిదు వీధుల దూరంలోపే ఉన్నవాళ్లు. మనసు దూరాలు నడవదు. ఫోన్ పక్కన పెట్టి ఊళ్లో నలుగురితో కలవమనండి.

గడుసుపిల్ల
1932లో ఫోన్ ఉంటే కదండీ పక్కన పెట్టడానికి. అప్పుడు వీధి చివర మనిషి తప్ప ఇంకెవరు కనిపిస్తారు? 2017 నాటి అమెరికా సర్వే తీసుకుని సామాజికశాస్త్రవేత్త రోజెన్‌ఫెల్డ్ బృందం తేల్చింది చూడండి. ఆ ఏడాది కలిసిన ఆడా మగా జంటల్లో దాదాపు 39 శాతం ఆన్‌లైన్లో కలిశారు. స్నేహితులు పరిచయం చేసే పద్ధతిని అది దాటేసింది.

పాత_మెంబర్
ఆ 39 శాతంలో సిటీ బయటవాళ్లు ఎందరమ్మా? ఇక్కడ అడుగుతున్నది అదేగా.

గడుసుపిల్ల
మీ ఫిలడెల్ఫియా ఏమైనా పల్లెటూరా?

నిదానం_నాని
1-1. మ్యాచ్ డ్రా.

రెండో_ఇన్నింగ్స్
విడాకులయ్యాక మొదలుపెట్టాను, ఇప్పుడు ఇద్దరం కలిసే ఉంటున్నాం. పరిచయమైనప్పుడు ఆమె ఉండేది 140 కిలోమీటర్ల అవతల. కాబట్టి కుదరదు అనేవాళ్లు కాస్త ఆగండి.

కోడ్_కాపరి చెప్పిన లెక్క నిజమే, కానీ అందులోంచి అందరూ తప్పు పాఠం తీస్తారు. మనుషులు తక్కువున్నచోట సిటీవాళ్లలాగా స్వైప్ చేస్తే ఒక సాయంత్రంలో అయిపోతారు. ఒక్కొక్కరి ప్రొఫైల్ పూర్తిగా చదివి, అందులో ఉన్నదాని గురించే రాసేవాణ్ణి. ఆమె ప్రొఫైల్లో చేతిలో స్పానర్‌తో పంపుసెట్టు దగ్గర కూర్చున్న ఫోటో ఉంది. అందరూ నవ్వు బాగుంది అని రాశారట. నేను ఆ మోటారుకి ఏమైంది అని అడిగా. అరగంట చెప్పింది.

తర్వాత, చాట్ సాగదీయొద్దు. దూరంవాళ్లతో నెలల తరబడి టైపు చేస్తూ కూర్చుంటే తలలో ఒక మనిషి తయారవుతాడు. ఎదురుపడ్డాక వచ్చేది వేరే మనిషి. మొదటి వారంలోనే వీడియో కాల్ అడగాలి. ఆ వారంలోనే ఇంకోటి కూడా అడగాలి: ఇది ఎంతో కొంత ముందుకెళ్తే మనిద్దరిలో ఎవరైనా ఊరు మారగలమా?

గడుసుపిల్ల
మొదటి వారమా? "హాయ్, మీ ఫేవరెట్ కలర్ ఏంటి, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటారా?" నేనైతే ఆ నిమిషమే బ్లాక్.

రెండో_ఇన్నింగ్స్
బ్లాక్ చేస్తే మంచిదే కదా. ఏడాది తిరిగాక "మా ఇల్లు వదిలి రాలేను" అనే మాట వినడం కన్నా అదే నయం. మొదటి వారం బ్లాక్ అయితే నాకు పోయేది పావుగంట.

వెన్నెల_27
ఇక్కడ నేను గడుసుపిల్ల వైపు. ఆ ప్రశ్న మగవాడు అడిగితే చాలాసార్లు దాని అర్థం "నువ్వు మారతావా" అనే. తను మారగలడో లేదో ముందు చెప్పి అడిగితే వేరు.

రెండో_ఇన్నింగ్స్
ఒప్పుకుంటా. నేనలాగే అడిగా, పైన రాయలేదు. నా పని ఎక్కడినుంచైనా నడుస్తుంది, అందుకే నేనే మారా.

మాటకారి
అయితే కథ సారాంశం: ఊరు మారాడు. నేను రెండో పోస్టులో చెప్పిందేంటి?

నిదానం_నాని
వీడితో గెలవలేం.

ఒంటరి_టవర్
ఇక్కడిదాకా చదివా. నా బయో పెడుతున్నా, ఉతకండి: "ప్రశాంతమైన జీవితం ఇష్టం. ప్రయాణాలు, పాటలు, మంచి మనుషులు. మిగతాది మాట్లాడుకుందాం." లొకేషన్ డబ్బు కట్టి సిటీలో పెట్టుకున్నా, ఎవరో చెప్తే.

గడుసుపిల్ల
"మంచి మనుషులు ఇష్టం". చెడ్డవాళ్లు ఇష్టమని రాసినవాళ్లని ఎక్కడైనా చూశావా? ఈ బయో ఎవరి ఫోటో కింద పెట్టినా అతుకుతుంది. ఇందులో నువ్వెక్కడున్నావు?

కోడ్_కాపరి
లొకేషన్ సిటీలో పెట్టడం వల్లే "ఎక్కడుంటారు" దగ్గర ఆగిపోతోంది. లొకేషన్ మార్చే ఆ పాస్‌పోర్ట్ ఫీచర్ ఉన్నదే వేరే ఊళ్లవాళ్లతో మాట్లాడటానికి, 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ అప్పుడు టిండర్ అందరికీ ఫ్రీగా ఇచ్చింది కూడా. వాడటం నేరమేం కాదు. కానీ అవతలి మనిషి నువ్వు నాలుగు వీధుల అవతల ఉన్నావనుకుని మాట్లాడుతుంది, తీరా చూస్తే రెండు గంటల ప్రయాణం. దూరం కన్నా, చెప్పలేదన్నదే ఆమెకి గుచ్చుకుంటుంది.

నిదానం_నాని
నేను ఒప్పుకోను. ముందే ఊరు చెబితే అసలు చూడరే! కాస్త మాట్లాడాక చెబితే కనీసం మనిషి తెలుస్తాడు.

కోడ్_కాపరి
తెలిశాక ఎంతమంది ఉన్నారు నీ దగ్గర?

నిదానం_నాని
...అది వేరే విషయం.

వెన్నెల_27
ఊరి పేరు మాత్రం బయోలో పెట్టొద్దు, మగవాళ్లయినా సరే. చిన్న ఊరి పేరు, ఉద్యోగం, మొదటి పేరు ఉంటే చాలు, అడ్రసు ఇచ్చినట్టే. ఆఫీసు బోర్డు ముందు దిగిన ఫోటో కూడా తీసెయ్. దూరం చెప్పు, ఊరు చెప్పకు. "సిటీకి రెండు గంటల దూరంలో ఉంటా, వారాంతాల్లో వస్తుంటా" అంటే సరిపోతుంది. రావడం నిజమైతేనే రాయి.

రెండో_ఇన్నింగ్స్
దీనికి నా ఓటు. ఆ ఒక్క లైను చూసి వద్దనుకునేవాళ్లు వడపోతలో పోతారు. మిగిలినవాళ్లు ఆ సంగతి తెలిసే వచ్చినవాళ్లు.

సైలెంట్_రీడర్
రేడియస్ పెంచమనేవాళ్లు ఇంకో ముక్క కూడా చెప్పాలి. దూరం ఎక్కువైనకొద్దీ "కలుద్దాం" అన్నది వాయిదా వేయడం తేలిక. మోసగాళ్లకి కావాల్సిందీ అదే. మా బంధువు ఒకాయనకి జరిగింది. ఆవిడ ఎప్పుడూ వచ్చే నెలలో వచ్చేదే. వీడియో కాల్ అంటే కెమెరా పాడైంది. ప్రయాణం రోజున యాక్సిడెంట్, ఆస్పత్రి బిల్లు. ఒక్క 2022లోనే అమెరికాలో దాదాపు 70,000 మంది ఇలాంటి ప్రేమ మోసాల మీద ఫిర్యాదు చేశారని, పోయింది 130 కోట్ల డాలర్లని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ లెక్క. చెప్పుకోనివాళ్లు వేరే. మా బంధువు ఇప్పటికీ "ఆవిడకి నిజంగానే ఏదో అయ్యుంటుంది" అంటాడు.

నీలిగీత
ఫోటో తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్ చెయ్యండి, అంటే అదే ఫోటో నెట్‌లో ఇంకెక్కడ ఉందో వెతకడం, నిమిషం పని. డబ్బు మాట ఏ రూపంలో వచ్చినా అక్కడితో ఆపేయండి. ఊళ్లలో ఉండేవాళ్లకి ఇంకో ఇబ్బంది, మోసపోయామని స్టేషన్‌కి వెళ్తే కానిస్టేబుల్ మనకి తెలిసినవాడే అయ్యుంటాడు. ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసే దారి ఉంటే అది చూసుకోండి.

ఒంటరి_టవర్
బయో మార్చా. లొకేషన్ ఊరికే మార్చేశా. "సిటీకి రెండు గంటలు, నెలలో రెండు ఆదివారాలు అక్కడే లైబ్రరీలో దొరుకుతా. పాత రేడియోలు బాగుచేస్తా, ప్రస్తుతం ఒకటి ఒక్క స్టేషనే పలుకుతోంది." లైకులు తగ్గాయి. కానీ ఒకావిడ ఆ రేడియో ఏ మోడల్ అని అడిగింది. ఇప్పుడు అసలు సమస్య. మొదటిసారి కలుద్దామంటే సిటీలోనే. మా ఊరికి ఆఖరి బస్సు సాయంత్రం ఏడున్నరకి. సగంలో లేచి వచ్చేస్తే నచ్చలేదనుకోదా?

గడుసుపిల్ల
రేడియో పెట్టావు చూడు, ఇప్పుడు మనిషి కనిపించాడు. మధ్యాహ్నం పెట్టుకో. పగటిపూట, జనం తిరిగేచోట, అమ్మాయికి కూడా అదే హాయి. బస్సు టైము ముందే చెప్పేయ్. "ఏడున్నరకి నా ఆఖరి బస్సు" అంటే నచ్చకపోతే ఇద్దరికీ మర్యాదగా తప్పించుకునే దారి కూడా.

నిదానం_నాని
నచ్చితే?

గడుసుపిల్ల
నచ్చితే తర్వాతి ఆదివారం కూడా బస్సుంటుంది కదా.

వెన్నెల_27
ఎక్కడికి వెళ్తున్నావో, ఎవరితోనో ఒక స్నేహితుడికి చెప్పి వెళ్లు. లైవ్ లొకేషన్ పంపు. మగవాళ్లకి అక్కర్లేదనుకోవద్దు. ఆమె కూడా ఎవరికో చెప్పి వస్తోందని తెలిస్తే మొహం మాడ్చుకోకు.

రెండో_ఇన్నింగ్స్
రెండోసారి నుంచి మధ్యలో ఎక్కడైనా కలవండి. ప్రతిసారీ ఒక్కరే ప్రయాణం చేస్తుంటే మూడోసారికి లోపల లెక్కలు మొదలవుతాయి. మేం ఒకసారి తను, ఒకసారి నేను. అయినా ఒకసారి పెట్రోలు ఖర్చు మీద పెద్ద గొడవైంది.

మాటకారి
ఊరు మారితే పెట్రోలు మిగిలేది.

పాత_మెంబర్
ఒంటరి బాబూ, ఆ రేడియోలో ఒక్క స్టేషనే పలుకుతోందంటే ట్యూనింగ్ కండెన్సర్, అదే స్టేషన్ మార్చే భాగం, చూడు. దుమ్ము పట్టడమో, ప్లేట్లు ఒకదానికొకటి తాకడమో అయ్యుంటుంది. నా దగ్గర పాతది ఒకటి ఖాళీగా ఉంది, మెసేజ్ చెయ్యి, పంపిస్తా.

గడుసుపిల్ల
ఇదిగో, మొత్తానికి ఇక్కడ ఒక మ్యాచ్ కుదిరింది.

ఒంటరి_టవర్
@పాత_మెంబర్ మెసేజ్ పెట్టా సార్. మిగతావాళ్లకి, ఆదివారం మధ్యాహ్నం రెండున్నర అడిగా, సరేనంది. వాళ్లదీ సిటీ కాదట, అవతలి వైపు గంటన్నర. తన ఆఖరి బస్సు ఆరుంబావుకే.

కోడ్_కాపరి
అయితే రెండున్నర ఏంటి, పదకొండుకి జరుపు.